పల్లకిలోనుండి చూచిన భరతఖండము

దేశాటనమువలన బుద్ధి వికసించునని మన పెద్దలు తరతరములుగా చెప్పుచు వచ్చిరి. చెప్పినంత విరివిగా దేశాటనము చేసినవారు కొందఱే. చేసినవారిలో చూచినదానిని వ్రాసిపెట్టినవారు మఱియు అరుదు. కాశికి పోయి గంగ తెచ్చినవారు ప్రతి గ్రామమునను ఒకరిద్దఱుండిరి. వారు తిరిగివచ్చి సమారాధన చేసిరి, గంగచెంబులు పంచిరి, బంధువులచేత కాళ్లు కడిగించుకొనిరి. దారిలో ఏ యేఱు ఎట్లు దాటిరో, ఏ యూర రూపాయకు బియ్యమెన్ని సేర్లో, ఏ ప్రభువు బంట్రోతు ఎంత సుంకము పుచ్చుకొనెనో ఆ సంగతులన్నియు వారితోనే కాటికి పోయినవి. అందుచేతనే మన నేల పూర్వమెట్లుండెనో తెలిసికొనగోరినపుడెల్ల మనము పరదేశస్థుల గుమ్మమునొద్ద నిలువబడవలసి వచ్చుచున్నది. ఏడవ శతాబ్దిలో ధాన్యకటకమున బౌద్ధారామములు ఏ స్థితిలో నుండెనో చీనా భిక్షువైన హ్యూన్‌త్సాంగు చెప్పవలెను. పదునేడవ శతాబ్దిలో కృష్ణయొడ్డున కొల్లూరి రవ్వలగనులలో జనులెట్లు పాటుపడుచుండిరో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే చెప్పవలెను. వారికి మనము ఋణపడియున్నాము, సందేహము లేదు. కాని యింటివాడు తన యింటిని చూచినప్పుడు కనబడు సంగతులు వేఱు, అతిథికి కనబడు సంగతులు వేఱు.

అట్టి యింటివాడొకడు మనకు కలడు. ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణపు నియోగి బ్రాహ్మణుడు. అచ్చటి సుప్రీముకోర్టులో దుబాసీలకు పెద్దగా నుండెను. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని కాశీయాత్రకై చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరు 3వ తేదీని మరల ఇల్లు చేరెను. వెంట సుమారు నూరుమంది పరివారము. దారిపొడవున తాను చూచినది వ్రాసి కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల యను మిత్రునికి తెలుపుచు వచ్చెను. ఆ వ్రాతలు అచ్చుపడుట చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1836లో ఆయన మరణించెను. 1838లో పిళ్లగారు దానిని 'కాశీయాత్ర చరిత్ర' యను పేర అచ్చువేయించిరి. నూఱేండ్లు దాటిన పిమ్మట, 1941లో, దిగవల్లి వేంకటశివరావుగారు ఎంతో శ్రమపడి దానిని మరల వెలుగులోనికి తెచ్చిరి. తెలుగున అచ్చయిన యాత్రాచరిత్రలలో మొదటిదని దానికి పేరు. అయినను మన యిండ్లలో ఎన్నింట ఆ పుస్తకమున్నదని అడిగినచో సమాధానము చెప్పుట కష్టము.

దాని భాషనుగూర్చి ఒకమాట. వ్యాకరణము వల్లెవేసినవారికి అది మొదట గరుకుగా తోచును. చెన్నపట్టణమున దొరలకచేరీలలో నలిగిన వాడుకమాటలు, అరవపు పలుకుబడులు, తురకమాటలు అందు విచ్చలవిడిగా దొరలుచుండును. నాలుగు పుటలు సాగినమీదట ఆ గరుకుదనమే రుచియగును. గిడుగు రామమూర్తిపంతులుగారు వ్యావహారికమునకై వాదము తొడగుటకు ముప్పాతిక శతాబ్దికి ముందే, ఏ వాదమును చేయక, తన పని జరుగుటకు ఏ భాష కావలెనో ఆ భాషను ఈ దుబాసీ వాడుకొనెను.

దుబాసీ యనగా నేమో నేటి పిల్లలకు చెప్పవలసియున్నది. ఒకని మాట నింకొకనికి వినిపించుట వాని వృత్తి. సాక్షి చెప్పినదానికి తన మాట చేర్పరాదు, తనకు నచ్చలేదని విడువరాదు. ఏండ్లతరబడి ఆ పనిచేసినవాని చెవికి ఒక శిక్షణము కలుగును. వీరాస్వామయ్య తీర్థములకు పోయినాడు, స్నానదానములు విధిప్రకారము చేసినాడు. కాని పుణ్యము కూడబెట్టుకొనుచునే నేల రంగు, నీటి రుచి, పంటలు, వెలలు, నాణెములు, మనుష్యుల నడవడి అన్నియు సాక్ష్యము పుచ్చుకొన్నట్లు పుచ్చుకొనెను. ఈ పుస్తకపు విలువ యంతయు అందున్నది.

ఆయన పోయిన మార్గమును పటముమీద గుర్తించుట మంచి పాఠము. చెన్నపట్టణమునుండి తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము. కృష్ణ దాటి హైదరాబాదు. అచ్చటినుండి మేడ్చల్, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాదు. పిమ్మట నాగపురము, జబ్బల్పూరు, మీర్జాపురము, ప్రయాగ, కాశి. తిరుగుదారి వేఱు: గయ, పాట్నా, గంగవెంబడి కలకత్తా, జగన్నాథము, గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు. నేటి బాటల లెక్కన నాలుగువేల కిలోమీటర్లకు తక్కువ కాదు. నేనొకసారి తొమ్మిదవ తరగతి పిల్లలచేత ఈ మజిలీలను పటముమీద దారముతో కలిపించితిని. హైదరాబాదునుండి కాశివఱకు దారము సాగగానే ఒక బాలుడు, "ఇది ఏడవ నెంబరు రోడ్డు కదా మాస్టారూ" అనెను. వాని తండ్రి లారీ నడపువాడు. పిల్లవాని మాట నిజము. కాశినుండి కన్యాకుమారివఱకు పోవు ఆ జాతీయ రహదారికి 2010లో సంఖ్యలు మార్చువఱకు ఏడవ నెంబరనియే పేరు. ఇపుడందు పెద్దభాగము నలువదినాలుగవది. వీరాస్వామయ్య పల్లకి పోయిన దారి రమారమి అదియే. అంతకుముందు ఎన్ని వందల యేండ్లనుండియో గంగ మోయువారును, ఎద్దులమీద ధాన్యము, ఉప్పు పెఱికెలు వేసికొని తిరుగు లంబాడీలును త్రొక్కిన దారియు అదియే. ఇంజనీర్లు దానిని క్రొత్తగా కనిపెట్టలేదు, తారు పోసిరి.

పటముమీద దారము ఒకే రంగు. నేలమీద మాత్రము ఆ దారి ఎన్నో రాజ్యముల గుండ పోయెను. కడప సీమ 1800లో కుంపిణీవారి చేతికి వచ్చినది. దానిని దాటగానే కందనూరు నవాబు సీమ. కృష్ణకు ఆవల నైజాము. అందులోను వనపర్తి, గద్వాల మొదలగు సంస్థానములు వేఱు. మఱి పైకి పోయిన నాగపురపు భోంసలే రాజ్యము. నర్మదాతీరము 1818నుండి మరల కుంపిణీవారిది. ప్రభువు మారినచోట నాణెము మారును, తూకము మారును, కొలత మారును, సుంకము పుచ్చుకొను బంట్రోతు తలపాగ మారును. ఒకచోటి రూపాయ ఇంకొకచోట నిండు రూపాయ కాదు, వట్టము కట్టవలెను. యాత్రికుడు బయలుదేరునపుడు సొమ్ము మూటగట్టుకొని పోవుటకు వీలులేదు, దొంగలభయము. వట్టి చేతులతో పోవుటకును వీలులేదు.

అందులకు ఉపాయము హుండీ. ఇక్కడ షావుకారునకు సొమ్ము కట్టి చీటి పుచ్చుకొన్న, అక్కడ అతని సంబంధీకుడు ఆ చీటి చూచి సొమ్మిచ్చును. ఈ వ్యాపారము చేసినవారిలో గోసాయీలను ప్రత్యేకముగా చెప్పవలెను. వారు దశనామి సన్న్యాసులు, కాషాయము కట్టినవారు, గురుశిష్యపరంపరగా ఆస్తి నిలుపుకొని గొప్ప షావుకార్లయిరి. హైదరాబాదున బేగంబజారులోను, ఉత్తరమున మీర్జాపురము, కాశి పట్టణములలోను వారి కోఠీలుండెను. ప్రత్తి, పట్టు, శాలువలు, సొమ్ము ఈ కొనకు ఆ కొనకు వారి మూలముగా నడిచినవి. సర్వము త్యజించినవాని చీటికి సంసారులందఱు నమ్మకముంచుట చూచి నవ్వవచ్చును. కాని ఆసేతుహిమాచలమని మనము సంకల్పమునందు పలుకు ఏకత్వము ఏ చక్రవర్తి ఛత్రముక్రింద నుండెనని వెదకుటకు ముందు, అది ఈ చీటిలో నుండెనేమో చూడుట మంచిది. రాజ్యములు ఒకదానినొకటి నమ్మని కాలములో షావుకార్లు ఒకరినొకరు నమ్మిరి. సత్రములు కట్టించినవారు రేపు వచ్చువాడెవడో తెలియకయే కట్టించిరి.

తీర్థములలో సుంకముల సంగతి చదువునపుడు నేటివారికి ఆశ్చర్యము కలుగును. తిరుపతి దేవస్థానపు పెత్తనము ఆ కాలమున కుంపిణీవారిదే. 1801నుండి 1843వఱకు వారే నడిపిరి. వేంకటేశ్వరునికి భక్తులు సమర్పించిన కానుకలలో ఖర్చులు పోగా మిగిలినది సర్కారు ఖజానాకు చేరుచుండెను. శ్రీశైలమున కందనూరు నవాబు యాత్రికులనుండి సొమ్ము రాబట్టుచుండెను. ప్రయాగలోను, గయలోను, జగన్నాథములోను మరల కుంపిణీవారే. ప్రయాగలో కాలినడకను వచ్చినవానికి ఒక వెల, గుఱ్ఱముమీద వచ్చినవానికి ఒక వెల, ఏనుగుమీద వచ్చినవానికి ఒక వెల యని చట్టము చేసిరి. మునుగుటకు సర్కారు రసీదు కావలెను. హిందువు రాబట్టినను, మహమ్మదీయుడు రాబట్టినను, క్రైస్తవుడు రాబట్టినను యాత్రికుని మూట తేలికయగుటలో భేదము లేదు. విచిత్రమేమనగా ఈ సుంకము తీసివేయుమని ఇంగ్లండులో గట్టిగా కేకలు వేసినవారు పాదిరీలు. యాత్రికునిమీద దయచేత కాదు. క్రైస్తవప్రభుత్వము విగ్రహారాధనచేత ధనమార్జింపరాదని వారి వాదము. ఏ కారణముచేతనైన నేమి, 1840లో ఆ మూడు క్షేత్రములలోను సుంకము తీసివేసిరి. బీదవాని గంగాస్నానము ఉచితమైనది. సంస్కరణము ఎల్లప్పుడు మనము కోరిన ద్వారముననే రాదు.

శ్రీశైలపు అడవిదారి ఆ యాత్రలో కష్టమైన భాగములలో ఒకటి. నల్లమల మిట్టలు, పులులభయము, నీటికొఱత, దారిచూపుటకు చెంచులు. కొండయెక్కిన పిమ్మట పాతాళగంగకు దిగుట మఱియొక యెత్తు. కృష్ణ అచ్చట రెండు రాతిగోడలనడుమ ఎంతో లోతున పాఱుచుండెను. ఆ లోతు నేడు లేదు. శ్రీశైలము ఆనకట్ట పూర్తియై జలాశయము నిండినది మొదలు, 1980 తరువాత, పైభాగమున నది సముద్రమువలె పఱచుకొన్నది. సంగమేశ్వరపు గుడి సంవత్సరములో ఎక్కువకాలము నీటిలో నుండి, వేసవిలో నీరు తగ్గినపుడు కొన్నాళ్లు మాత్రము బయటపడును. ఎన్నో పల్లెలు మఱి బయటపడలేదు. కందనూరు నవాబును కుంపిణీవారు 1839లో తొలగించిరి. నవాబు పోయెను, నది లోతు పోయెను. చెంచులు ఇప్పటికిని ఆ యడవిలోనే యున్నారు, పూర్వమువలెనే పేదలై.

హైదరాబాదును గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. 1591లో కుతుబుషాహీలు కట్టిన ఆ నగరమునకు 1830లో నాసిరుద్దౌలా ప్రభువు. గద్దెయెక్కి ఒక్క సంవత్సరమే. నిజమైన అధికారము దివానుగిరీ నడపుచుండిన చందూలాలుది. ఆయన పంజాబు ఖత్రీ కుటుంబమువాడు, పారసీ ఉరుదూ భాషలలో కవి, అప్పులు చేయుటలో అసాధ్యుడు. సైన్యములో అరబ్బులు, రోహిలాలు, సిక్కులు. వర్తకములో మార్వాడీలు, గోసాయీలు. పొలములలో తెలుగు, మరాఠీ, కన్నడ రైతులు. మూసీకి ఈవల బ్రిటిషు రెసిడెంటు కోఠీ. ఇంకను ఇటు, 1562 ప్రాంతమున త్రవ్వించిన హుసేనుసాగరము. దానికావల సికింద్రాబాదు దండు. చెన్నపట్టణమునుండి వచ్చిన కోర్టు ఉద్యోగస్థునికి మొదట కనబడినది వీథులలో ఆయుధములు ధరించి తిరుగువారి సంఖ్య. చట్టమనునది కాగితములలో నుండు పట్టణమునుండి, చట్టమనునది మొలలోని కత్తిలో నుండు పట్టణమునకు వచ్చినట్లు ఆయనకు తోచెను. ఆ వర్ణనలో కొంత కుంపిణీ కొలువువాని పక్షపాతము కలదని మనము గ్రహింపవలెను. నైజాము ఖజానా ఆ దురవస్థకు వచ్చుటలో రెసిడెంటుగారి దండు ఖర్చును, పామరు కంపెనీవారి వడ్డీలును ఎంత పాలుపంచుకొన్నవో దుబాసీ విచారింపలేదు. అయినను నగరమును చూచి భయపడి కన్నులు మూసికొనలేదు. చెఱువులు, కోటలు, బజారులు, వెలలు అన్నియు ఎక్కించుకొనెను. ఆ రెసిడెంటు కోఠీ 1949నుండి బాలికల కళాశాలయైనది. కిర్క్‌పాట్రిక్ దొర ఏ బేగముకొఱకు అంతఃపురము కట్టించెనో ఆ ఆవరణములోనే ఆడపిల్లలు పట్టములకు చదువుట నాకెంతో సంతోషమును కలిగించిన సంగతులలో ఒకటి.

ఉత్తరమున నిర్మలకు పోవుదారిలో గోదావరి. ఆవల అడవులు, గోండులు. పెన్‌గంగ దాటునప్పటికి తెలుగు సన్నగిల్లి మరాఠీ చెవినిబడును. భాష ఎక్కడ మారినదని గీత గీయుట మాత్రము ఎవరి తరము కాదు. ఒక సంతలో మూడు భాషలు. ఒకే రైతు ఎద్దుతో నొకటి, షావుకారుతో నొకటి, భార్యతో నొకటి మాటలాడును. ఇచ్చట ఒక విశేషము చెప్పవలెను. తెలుగు, తమిళము, కన్నడము సంస్కృతజన్యములు కావనియు, ఒక ప్రత్యేక కుటుంబమునకు చెందినవనియు ఎల్లిసుదొర 1816లో చెన్నపట్టణముననే ప్రకటించెను. కేంబెలు దొర తెలుగు వ్యాకరణమునకు పీఠికగా అది అచ్చుపడెను. ఆ కుటుంబములో గోండీయు చేరినదని పండితులు తరువాత నిర్ణయించిరి. ఆదిలాబాదు సంతలో మన నాగరికులు 'అడవివాడు' అని తొలగిపోవు గోండు మాటలాడునది మన భాషకు దాయాది. అంకెలు చెప్పించి వినుడు. రెండు మూడు అంకెలలోనే చుట్టరికము బయటపడును. సంస్కృతము చదివిన నావంటివారికి ఈ సంగతి తెలిసినపుడు, పంచద్రావిడులు పంచగౌడులు అను పాత లెక్కలకన్న ఈ క్రొత్త లెక్క ఎంత పెద్దదో బోధపడును.

నాగపురమును స్థాపించినవాడును గోండురాజే, బఖ్తబులందు. తరువాత భోంసలేలు దానిని గొప్ప రాజధానిగా చేసిరి. 1817లో సీతాబర్డీ యుద్ధమునందోడి కుంపిణీవారి చెప్పుచేతలలోనికి పోయిరి. నాగపురమునుండి జబ్బల్పూరు మీదుగా మీర్జాపురమునకు పోవు అడవిమార్గము నాడు ఠగ్గులకు పేరుపడినది. బాటసారులతో స్నేహము చేసి, రెండు మూడు మజిలీలు కలిసి భుజించి, అదను చూచి మెడకు రుమాలు బిగించుట వారి పద్ధతి. స్లీమన్ దొర వారిని పట్టుటకు పూనుకొన్నది సరిగా ఆ సంవత్సరములలోనే. నూరుమందితో వీరాస్వామయ్య పోవుటకు వైభవమొక్కటే కారణము కాదు. ఒంటరిగా కాశికి బయలుదేరి తిరిగిరాని పేదబ్రాహ్మణులు, విధవలు ఎందఱో! 'కాశికి పోయినవాడు కాటికి పోయినవాడొకటి' యను సామెత ఊరకే పుట్టలేదు. సతీసహగమనము కుంపిణీ సీమలో అంతకు కొన్ని నెలలముందే నిషేధింపబడినది: వంగదేశమున 1829 డిసెంబరులో, చెన్నపట్టణమున 1830 ఫిబ్రవరిలో. నైజాము రాజ్యమునకు గాని, భోంసలే రాజ్యమునకు గాని ఆ చట్టము చెల్లలేదు. పల్లకి ఏఱు దాటినపుడెల్ల నాణెము మారినదని చెప్పితిని. వితంతువుయొక్క ప్రాణమునకు విలువయు మారుచుండెను.

ప్రయాగలో అక్బరు కట్టిన కోట కలదు. అందులో ఒక రాతిస్తంభము ఆ దినములలో నేలమీద పడియుండెను. దానిమీద చెక్కిన ప్రాచీనలిపిని చదువగలవాడు 1830లో భూమిమీద ఒక్కడును లేడు. శిష్టులు దానిని భీమసేనుని గద యనిరి. అది అశోకునిదని ప్రిన్సెపు దొర 1837లో లిపి ఛేదించిన తరువాతనే తెలిసినది. 1838లో స్తంభమును మరల నిలువబెట్టిరి. వీరాస్వామయ్య పుస్తకము అచ్చుపడినదియు ఆ యేటనే. దేశమంతయు ఒకని శాసనముక్రింద నుండెనని చాటు రాయి మన కాళ్లయొద్దనే పడియుండగా, ఆ పేరే తెలియక తరతరముల యాత్రికులు ప్రక్కనుండి స్నానమునకు పోయిరి.

ఆ ప్రిన్సెపే కాశిలో పది సంవత్సరములు టంకశాలలో పనిచేసి, పట్టణమును కొలిచి, జనమును లెక్కించి, మురుగునీరు గంగలోనికి పోవుటకు సొరంగము త్రవ్వించి, 1830లోనే కలకత్తాకు పోయెను. కాశియనిన మనవారికి విశ్వేశ్వరుడు, అన్నపూర్ణ, మణికర్ణిక. చరిత్రకారునికి కాశి ఒక భరతఖండపు చిన్నప్రతి. కేదారఘట్టము, హనుమంతఘట్టముల ప్రాంతమున తెలుగువారు, అరవవారు. పంచగంగయొద్ద మహారాష్ట్రులు, వారి మేడలపైన ఔరంగజేబు కాలపు మసీదు. బంగాలీటోలాలో వంగీయులు. మానసింహుని మేడపైన జయసింహుడు పెట్టించిన నక్షత్రయంత్రములు. నేతపనిలో జోలాహాలు, కాశీపట్టుచీర కట్టని పెండ్లికూతురు లేదు, దానిని నేయువాడు ముసల్మాను. విశ్వేశ్వరుని గుడిని 1780 ప్రాంతమున మరల కట్టించినది ఇందూరు రాణి అహల్యాబాయి. గయలో విష్ణుపదాలయము కట్టించినదియు ఆమెయే. ఆమె విధవ. విధవ యెదురైన ప్రయాణము మానుకొను మన యాత్రికులు ఆమె కట్టిన మెట్లమీదనే దిగి, ఆమె కట్టిన గుడిలోనే మ్రొక్కి, ఆమె కట్టిన సత్రములలో పరుండి వచ్చిరి. ఇంతకన్న చెప్పనక్కఱలేదు.

గంగవెంట పడవలమీద దిగువకు పోవు ప్రయాణము సుఖమైనది గనుక దానిని గూర్చి చెప్పుటకు తక్కువ. కలకత్తా మాత్రము ఆ సమయమున ఉడుకుచుండెను. రామమోహనరాయలు 1830 నవంబరులో ఇంగ్లండునకు ఓడయెక్కెను. సహగమననిషేధమును రద్దుచేయుమని సనాతనులు సీమకు పంపిన అర్జీ ఇంకను తేలలేదు. 1832లో గాని కొట్టివేయబడలేదు. హిందూకళాశాలలో యువకులచేత సర్వమును ప్రశ్నింపజేసిన డిరోజియో 1831 ఏప్రిలులో ఉద్యోగము విడువవలసివచ్చెను. ఆ యేటనే, ఇరువదిమూడేండ్లైనను నిండకుండ, మరణించెను. ఇంతటి సంక్షోభమునడుమనుండి మన దుబాసీ శాంతముగా నడచిపోయెను. ఆయన సంస్కర్త కాడు. జాతిభేదములను ఉన్నవి ఉన్నట్లు ఒప్పుకొన్నవాడు. వంగ బ్రాహ్మణుడు చేపలు తినుట దాక్షిణాత్యునికి వింతయే. కాని ఆచారములు దేశమునుబట్టి మారునని కన్నులార చూచినవాడు తన యాచారమొక్కటియే వేదవాక్యమని పూర్వమంత గట్టిగా చెప్పజాలడు. అన్ని మతములవారును కొలుచు దైవమొక్కడే యను భావము ఆయన వ్రాతలో మరల మరల వచ్చుచుండును. చదువుటచేత కలిగినదానికన్న నడచుటచేత కలిగినది ఎక్కువగా కనబడును.

నడచుటచేత నంటిని. ఆయన నడువలేదు, నడచినవారు బోయీలు. ఈ సంగతి చదువరులు మఱవరాదు. నల్లమల మిట్టలెక్కినది వారి కాళ్లు; నర్మద రాళ్లలో తెగినవి వారి మడమలు. భరతఖండమును అంగుళమంగుళముగా ఎఱిగినవాడు బోయీ. ఏ నేలలో కాలు దిగబడునో, ఏ యేటికి లోతెంతో, ఏ యూర కూలి ఎగవేయుదురో వానికి తెలిసినట్లు లోపల కూర్చున్నవానికి తెలియదు. వాని చేతికి కలమీయలేదు గనుక వాని యాత్రాచరిత్ర లేదు. ఒక్కమాఱు మాత్రము వారి గొంతు చరిత్రలో వినబడినది. 1827లో కలకత్తా పోలీసువారు పల్లకిబోయీలు బిళ్లలు కట్టుకొనవలెననియు, తాము నిర్ణయించిన కూలికే మోయవలెననియు ఉత్తరువు చేయగా, ఓఢ్రదేశపు బోయీలు పల్లకీలు క్రిందబెట్టి పని మానివేసిరి. దొరలు కొన్నాళ్లు కాలినడకను తిరిగిరి. మన దేశమున కూలివారి సమ్మెలలో అది మొదటివానిలో ఒకటి. వీరాస్వామయ్య కలకత్తా చేరునాటికి ఆ సంగతి జరిగి నాలుగేండ్లు.

బోయీల కాలము తీరనున్నదని అప్పటికి వారికిగాని, వారు మోసినవారికిగాని తెలియదు. ఆయన త్రోవలో నుండగానే, 1830 సెప్టెంబరు 15వ తేదీని, లివర్‌పూలు మాంచెస్టరుల నడుమ పొగబండి నడువసాగెను. 1853లో బొంబాయికి, 1856లో చెన్నపట్టణమునకు అది వచ్చినది. తరువాత ఆడవారు, పేదలు, పూర్వము ఏ గుంపునకును కానివారు టిక్కెట్టు కొని కాశికి పోగలిగిరి. మాలవాడును బ్రాహ్మణుడును ఒకే బల్లమీద కూర్చుండిరి. పొగబండి మన సంఘమునకు చేసిన మేలు గొప్పది. ఒక్క నష్టము కలదు: రాత్రి నాగపురమున కన్నుమూసి తెల్లవాఱి యింకొక రాష్ట్రమున కన్ను తెఱచువానికి నడుమనున్న నేలయంతయు నిద్రలో పోవును.

జగన్నాథమునుండి చిలుకసరస్సు ప్రక్కగా గంజాము చేరి, అచ్చటినుండి సముద్రతీరమువెంబడి దక్షిణమునకు దిగినపుడు వీరాస్వామయ్యకు మరల తెలుగు వినబడెను. గోదావరి కృష్ణల నడుమ సీమ నేడు చూచినవారికి పచ్చని తివాచి. ఆయన చూచినది అది కాదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో గాని పూర్తికాలేదు. బెజవాడ ఆనకట్ట 1855లో. నదులు వానకాలమున పొంగి పొలములు ముంచి, వేసవిలో ఇసుకదిబ్బలై, నీరంతయు వృథాగా సముద్రము చేరుచుండెను. ఆకాశమువైపు చూచి బ్రతుకు రైతులు. దారిపొడవున సత్రములు, తోపులు, దిగుడుబావులు పూర్వులు పెట్టించినవి.

ఆ దారిమీదుగా ఒంగోలు, నెల్లూరు గడచి 1831 సెప్టెంబరులో పల్లకి చెన్నపట్టణము చేరెను. మఱుసటి యేడు వానలు పడలేదు. నందననామ సంవత్సరమున గుంటూరు సీమను డొక్కలకరువు పట్టెను. 1833 నడిచినంతకాలము జనము లక్షకు మించి చచ్చిరి. బ్రతికినవారు పిల్లలను చంకనెత్తుకొని, తినుటకేమైన దొరకునను ఆశతో, నెల్లూరి మీదుగా చెన్నపట్టణపు దారి పట్టిరి. రెండేండ్లక్రిందట నూరుమంది పరివారముతో యాత్రికుడు తిరిగివచ్చిన దారియే అది. మజిలీలు అవియే, సత్రములు అవియే. ఈమాఱు ఆ త్రోవను వచ్చినవారికి మజిలీల లెక్క వ్రాసికొనువాడు లేడు. వారిలో చాలమంది పట్టణము చేరలేదు.